ప్రజోద్యానం నుండి ప్రకృతివనం వరకు: మానవ శ్రేయస్సు దృష్టితో ఉద్యాన రూపకల్పన – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

నగరవాసుల శారీరక, మానసిక ఆరోగ్యానికి ఉద్యానవనం అవసరమన్న భావన నేడు సర్వసాధారణంగా వినిపిస్తున్నది. ఈ భావన ప్రణాళికా సూత్రంగా రూపుదిద్దుకొన్నది పందొమ్మిదవ శతాబ్దపు ఇంగ్లండు, అమెరికా నగరాలలో. డర్బీ, బర్కెన్‌హెడ్, న్యూయార్క్ ఉద్యానాల నిర్మాణ చరిత్రను, దానికి భిన్నంగా ఆక్టేవియా హిల్, పాట్రిక్ గెడెస్ ప్రతిపాదించిన చిన్న తోటల మార్గాన్ని, 1970ల తరువాత లండన్‌లో వెలసిన ప్రకృతివనాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఉద్యాన రూపకల్పన చిత్రపటంతో ప్రారంభం కాదని, ‘ఈ భూమి ఇంతవరకు ఎవరిది, ఇకముందు ఎవరిది’ అన్న ప్రశ్నతో ప్రారంభమవుతుందని ప్రతిపాదిస్తుంది. చివరగా ఈ చరిత్ర వెలుగులో తెలుగు రాష్ట్రాల నగరవనాలకు వర్తించే అంశాలను సూచిస్తుంది.

కీలకపదాలు: ప్రజోద్యానం, ప్రకృతివనం, మానవ శ్రేయస్సు, ఓంస్టెడ్, సెనెకా గ్రామం, గెడెస్, నగరవనం.

1. ఉపోద్ఘాతం

ఉద్యానవనాల చరిత్రను సాధారణంగా శిల్పుల చరిత్రగా రాస్తుంటారు. ఎవరు గీశారు, ఏ శైలిని అనుసరించారు, ఏయే మొక్కలు నాటారు అన్నవి అందులో ప్రధానాంశాలు. ఈ పద్ధతిలో రెండు విషయాలు మరుగున పడతాయి. ఉద్యానం వెలసిన నేలమీద అంతకుముందు ఎవరు జీవించారన్నది మొదటిది. ఉద్యానం తెరిచిన తరువాత దాని ద్వారం ఎవరికి, ఏ షరతులతో తెరుచుకొన్నదన్నది రెండవది. ‘మానవ శ్రేయస్సు’ అన్న లక్ష్యాన్ని ప్రకటించుకొన్న ఉద్యానాల విషయంలో ఈ రెండు ప్రశ్నలు మరింత అవసరం. ఎందుకంటే ఆ మాటలోని ‘మానవుడు’ ఎవరన్నది ఆయా కాలాల అధికార సంబంధాలను బట్టి మారుతూ వచ్చింది.

ఈ వ్యాసంలో ‘ప్రజోద్యానం’ అన్న పదాన్ని ప్రజాధనంతోగాని, ప్రజలకోసమన్న ప్రకటిత లక్ష్యంతోగాని ఏర్పడిన ఉద్యానానికి వాడుతున్నాను. ‘ప్రకృతివనం’ అన్న పదాన్ని స్థానిక మొక్కలకు, ప్రాణులకు ఆవాసంగా ఉంటూ, చుట్టుపక్కల నివాసుల ప్రమేయంతో నడిచే చిన్న హరితస్థలానికి వాడుతున్నాను. మొదటిదాని నుండి రెండవదానికి సాగిన ప్రయాణమే ఈ వ్యాసానికి విషయం.

2. పూర్వరంగం: ధర్మంగా వనప్రతిష్ఠ

చెట్లు నాటించడం పాలకుని బాధ్యత అన్న ఆలోచన మనకు కొత్తది కాదు. క్రీస్తుపూర్వం మూడవ శతాబ్దంలో అశోకుడు తన రెండవ ప్రధాన శిలాశాసనంలో మనుషులకు, పశువులకు వైద్యసదుపాయం కల్పించినట్లు, ఔషధమూలికలు లేనిచోట వాటిని తెప్పించి నాటించినట్లు, బాటల వెంట బావులు తవ్వించి చెట్లు పెంచినట్లు ప్రకటించాడు. ఈ శాసనపాఠం కర్నూలు జిల్లా ఎర్రగుడి శిలలమీద కూడా ఉన్నది. వైద్యం, నీరు, నీడ ఒకే శాసనంలో ఒకదాని వెంట ఒకటి రావడం గమనార్హం. చెట్టును ఆరోగ్యంతో ముడిపెట్టిన తొలి ప్రభుత్వ ప్రకటనలలో ఒకదాని ప్రతి తెలుగు నేలపైనే నిలిచి ఉన్నది.

తరువాతి కాలంలో తటాకం, దేవాలయం మొదలైన వాటితోపాటు వనప్రతిష్ఠ కూడా సప్తసంతానాలలో ఒకటిగా స్థిరపడింది. వనం నాటించడం సంతానాన్ని కనడంతో సమానమైన పుణ్యకార్యం. అయితే ఇందులో దాత పుణ్యం ప్రధానం. వనాన్ని అనుభవించేవారికి హక్కు అన్న ఊహ ఇందులో లేదు. రాచనగరుల తోటలు ఇందుకు మరింత దూరం. హైదరాబాదులో బషీర్‌బాగ్, బాగ్‌లింగంపల్లి వంటి పేర్లలో ‘బాగ్’ అన్న మాట నేటికీ మిగిలి ఉన్నది. ఆ తోటలు ఎక్కువగా ప్రభువుల, ఉన్నతోద్యోగుల నివాసాలకు అనుబంధాలు. పేరులో తోట మిగిలి, నేలమీద తోట మాయమైన తీరు తెలుగు పట్టణ చరిత్రలో ప్రత్యేక అధ్యయనం కోరే అంశం.

దానంగానో వైభవంగానో ఉన్న తోట, పౌరుని హక్కుగా మారడానికి పారిశ్రామిక నగరం పుట్టవలసి వచ్చింది.

3. పారిశ్రామిక నగరం – విహారస్థలం

పందొమ్మిదవ శతాబ్దం తొలి దశాబ్దాలలో ఇంగ్లండు మిల్లుపట్టణాలు అంతకుముందు ఎరుగని వేగంతో పెరిగాయి. ఊరిచుట్టూ ఉన్న ఉమ్మడి బీళ్ళు కంచెల చట్టాల కారణంగా ప్రైవేటు ఆస్తులైనాయి. కార్మికునికి ఇంటికి, కర్మాగారానికి మధ్య కాలు మోపే బహిరంగ స్థలం కరవైంది. 1833లో బ్రిటిష్ పార్లమెంటు నియమించిన ప్రజావిహారస్థలాల సంఘం ఈ పరిస్థితిని విచారించి నివేదిక ఇచ్చింది. రాబర్ట్ స్లేనీ దానికి అధ్యక్షుడు. కార్మికుల ఆరోగ్యానికి నడకదారులు, బహిరంగ స్థలాలు అవసరమని ఆ నివేదిక వాదించింది. అదే సమయంలో సారాదుకాణాల నుండి వారిని మళ్ళించడానికి, శుభ్రమైన దుస్తులతో కుటుంబ సమేతంగా నలుగురిలో మెలిగే అలవాటు నేర్పడానికి ఉద్యానం సాధనమని కూడా భావించింది. అంటే పుట్టుకలోనే ప్రజోద్యానానికి రెండు ముఖాలున్నాయి. ఒకటి ఆరోగ్యం, మరొకటి క్రమశిక్షణ.

ఈ ద్వైధం 1840లో తెరిచిన డర్బీ వృక్షోద్యానంలో స్పష్టంగా కనిపిస్తుంది. మిల్లు యజమాని జోసెఫ్ స్ట్రట్ ఇచ్చిన సుమారు 11 ఎకరాల స్థలంలో జాన్ క్లాడియస్ లౌడన్ దానిని రూపొందించాడు. చదునైన ఆ నేలమీద మట్టికట్టలు పోయించి, దారులు ఒకదానికొకటి కనబడకుండా చేసి, చిన్న స్థలం పెద్దదిగా తోచేటట్లు చేశాడు. వేర్వేరు జాతుల చెట్లకు పేరుపలకలు కట్టించి తోటను పాఠశాలగా మలిచాడు. కాని ప్రవేశం వారానికి రెండు రోజులు మాత్రమే ఉచితం. తక్కిన రోజులలో రుసుము చెల్లించాలి. పట్టణానికి దానంగా వచ్చిన తోట అయినా, దాని నిర్వహణ ఖర్చు భరించే ఏర్పాటు లేకపోవడమే ఇందుకు కారణం. రూపకల్పన ఎంత ఉదారమైనదైనా, నిర్వహణకు నిధుల మార్గం చూపని ఉద్యానం క్రమంగా సంపన్నుల వైపు మొగ్గుతుందన్న పాఠం ఇక్కడే ఉన్నది.

లివర్‌పూల్‌కు ఎదురుగా నది ఆవలి ఒడ్డున ఉన్న బర్కెన్‌హెడ్ మరో మార్గం తొక్కింది. 1843లో పొందిన చట్టబద్ధమైన అధికారంతో పట్టణ పాలకమండలి ప్రజాధనంతో 226 ఎకరాల ఊబినేలను సమకూర్చుకొన్నది. అందులో 125 ఎకరాలు ప్రజలకు ఉచిత విహారానికి కేటాయించి, చుట్టూ ఉన్న భాగాన్ని ఇళ్ళ స్థలాలుగా అమ్మి ఖర్చు రాబట్టాలన్నది పథకం. జోసెఫ్ పాక్స్‌టన్ బురదనేలలో చెరువులు తవ్వించి, ఆ మట్టితోనే గుట్టలు పోయించాడు. 1847 ఏప్రిల్‌లో ఉద్యానం తెరుచుకొన్నది. ప్రవేశ రుసుము లేదు. అయితే ఉద్యానం పక్కన ఇల్లు ఉంటే దాని ధర పెరుగుతుందన్న సూత్రం కూడా ఇక్కడే ప్రజాధన పథకంలో భాగమైంది. ఆ సూత్రం తరువాతి కాలంలో ఎన్ని రూపాలు ధరించిందో ముందు చూద్దాం.

4. ఓంస్టెడ్: ఆరోగ్యసిద్ధాంతంగా ఉద్యానం

1850లో ఇంగ్లండులో పర్యటిస్తున్న ఒక అమెరికన్ యువరైతు బర్కెన్‌హెడ్ ఉద్యానాన్ని చూశాడు. అన్ని తరగతులవారు అక్కడ సమానంగా విహరించడం అతన్ని ఆశ్చర్యపరిచింది. ప్రజాస్వామ్యమని చెప్పుకొనే తన దేశంలో అలాంటిది లేదని గుర్తించి, 1852లో వెలువరించిన తన యాత్రాగ్రంథంలో ఆ అనుభవాన్ని నమోదు చేశాడు. అతడే ఫ్రెడరిక్ లా ఓంస్టెడ్. 1858లో న్యూయార్క్ సెంట్రల్ పార్క్ కోసం జరిగిన పోటీలో 33 ప్రణాళికలు రాగా, ఓంస్టెడ్, కాల్వర్ట్ వాక్స్ కలిసి సమర్పించిన ‘గ్రీన్‌స్వార్డ్’ ప్రణాళిక ఎంపికైంది.

ఈ ప్రణాళికలోని రూపకల్పనా నిర్ణయాలు ఒక ఆరోగ్యసిద్ధాంతం నుండి పుట్టాయి. నగరంలో మనిషి అనుక్షణం ఎదుటివారిని, వాహనాలను తప్పుకొంటూ, లాభనష్టాలు లెక్కిస్తూ అప్రమత్తంగా ఉండవలసి వస్తుంది. ఈ ఎడతెగని అప్రమత్తతే మనోనాడులను అలసటకు గురిచేస్తుందని ఓంస్టెడ్ భావించాడు. దానికి విరుగుడు అందమైన పూలమడి కాదు, ఎందుకంటే అదీ ‘నన్ను చూడు’ అని పిలుస్తుంది. అంచులు కనబడని పచ్చికబయలు, మెల్లగా వంపుతిరిగే దారి, దట్టమైన చెట్ల చాటు మనసుకు తెలియకుండానే విశ్రాంతినిస్తాయని అతని నమ్మకం. 1865లో యోసెమిటీ లోయపై రాసిన నివేదికలోనూ, 1870లో బోస్టన్‌లో నగరాల విస్తరణపై చేసిన ప్రసంగంలోనూ ఈ వాదాన్ని అతడు విస్తరించాడు. ప్రకృతి దృశ్యాలను సంపన్నులు మాత్రమే అనుభవించకుండా చూడడం ప్రభుత్వ కర్తవ్యమని యోసెమిటీ నివేదికలో స్పష్టంగా వాదించాడు.

ఈ సిద్ధాంతం నేలమీద ఎలా రూపొందిందో చూడాలి. ఉద్యానాన్ని అడ్డంగా దాటవలసిన నాలుగు నగర రహదారులను నేలమట్టానికి సుమారు ఎనిమిది అడుగుల దిగువన తవ్వి, పైన వంతెనలమీద ఉద్యానం నిరంతరాయంగా సాగేటట్లు చేశారు. పాదచారులకు, గుర్రపుస్వారీలకు, బండ్లకు దారులను వేరుచేసి, అవి కలిసేచోట వంతెనలు కట్టారు. చప్పుడు, ప్రమాదం, తొందరపాటు అన్న మూడింటిని రూపకల్పనతోనే తొలగించే ప్రయత్నమిది. ‘ప్రకృతి’గా కనిపించే ఈ దృశ్యం దాదాపు పూర్తిగా మానవనిర్మితం. రాళ్ళను మందుగుండుతో పేల్చి, చిత్తడులను ఎండగట్టి, బయటినుండి సారవంతమైన మట్టి తెచ్చిపోసి, చెరువులు తవ్వి దీనిని నిర్మించారు.

5. సెనెకా గ్రామం: శ్రేయస్సుకు చెల్లించిన మూల్యం

గ్రీన్‌స్వార్డ్ పచ్చిక కింద ఒక ఊరు ఉన్నది. నేటి సెంట్రల్ పార్క్ పడమటి అంచున, 82వ వీధికి, 89వ వీధికి మధ్య ఉన్న ఆ ఊరి పేరు సెనెకా గ్రామం. 1825లో ఆఫ్రికన్ అమెరికన్లు అక్కడ స్థలాలు కొనడంతో అది మొదలైంది. 1855 జనాభా లెక్కల నాటికి సుమారు 225 మంది నివసిస్తున్నారు. వారిలో సుమారు మూడింట రెండువంతులు ఆఫ్రికన్ అమెరికన్లు, తక్కినవారిలో ఎక్కువమంది ఐరిష్ వలసదారులు. మూడు చర్చిలు, ఒక పాఠశాల, శ్మశానాలు ఉన్నాయి.

ఆనాటి న్యూయార్క్‌లో నల్లజాతి పురుషునికి ఓటుహక్కు రావాలంటే 250 డాలర్ల విలువగల స్థిరాస్తి ఉండాలి. 1821 రాష్ట్ర రాజ్యాంగం విధించిన ఈ షరతు తెల్లజాతి పురుషులకు లేదు. కాబట్టి సెనెకా గ్రామంలో ఒక చిన్న ఇంటిస్థలం కేవలం నివాసం కాదు, పౌరసత్వానికి ఆధారం. దానిని కోల్పోవడమంటే ఓటు కోల్పోవడం.

1853లో రాష్ట్ర శాసనసభ ఉద్యానంకోసం భూసేకరణకు అనుమతించింది. పత్రికలు ఆ ప్రాంతాన్ని గుడిసెలు, పందులు, ఆక్రమణదారులు నిండిన బీడుగా వర్ణించాయి. సొంత ఆస్తి ఉన్నవారిని కూడా ఈ వర్ణన ఆక్రమణదారుల జాబితాలో చేర్చింది. యజమానులకు పరిహారం చెల్లించారు. ఆ పరిహారం తక్కువని అభ్యంతరం చెప్పినవారున్నారు. 1857 నాటికి గ్రామం ఖాళీ అయింది. ఉద్యాన స్థలం మొత్తం నుండి తొలగిపోయినవారు సుమారు 1,600 మంది అని చరిత్రకారుల అంచనా. ఓంస్టెడ్, వాక్స్ ప్రణాళిక ఎంపిక అయ్యేనాటికి ఆ ఊరు లేదు. శిల్పుల ముందున్నది ఖాళీ కాగితం. ఆ ఖాళీని సృష్టించినది చట్టం.

ఒక శతాబ్దానికి పైగా ఈ ఊరు నగర జ్ఞాపకం నుండి చెదిరిపోయింది. 1992లో రాయ్ రోజెన్‌జ్‌వైగ్, ఎలిజబెత్ బ్లాక్‌మార్ ప్రచురించిన సెంట్రల్ పార్క్ సామాజిక చరిత్ర దానిని తిరిగి చర్చలోకి తెచ్చింది. 2011లో పురావస్తు శాస్త్రజ్ఞులు అక్కడ తవ్వకాలు జరిపి, ఇంటి పునాదిగోడలను, వంటపాత్రలను, పింగాణీ ముక్కలను, ఒక చిన్నపిల్ల చెప్పును వెలికితీశారు. పత్రికల వర్ణనకు భిన్నంగా స్థిరమైన గృహజీవితానికి అవి సాక్ష్యం పలికాయి.

ఉద్యానం తెరిచిన తరువాత కూడా ద్వారం అందరికీ ఒకే తీరుగా తెరుచుకోలేదు. దూరం కారణంగా దక్షిణ మన్‌హాటన్ ఇరుకు ఇళ్ళలోని కార్మికులకు అక్కడికి రావడం ఖర్చుతో కూడిన పని. పచ్చికమీద నడవడం, ఆటలాడడం, వ్యాపారపు బండ్లు రావడం వంటి వాటిపై తొలి దశాబ్దాలలో కఠిన నిబంధనలున్నాయి. బర్కెన్‌హెడ్‌లో అన్ని తరగతుల కలయికను చూసి ముగ్ధుడైన వ్యక్తి నిర్మించిన ఉద్యానంలోనే ఈ పరిస్థితి ఏర్పడింది. ఇది ఓంస్టెడ్ చిత్తశుద్ధిని శంకించడానికి చెప్పే మాట కాదు. సదుద్దేశం, ఉత్తమ శిల్పం రెండూ ఉన్నా భూమి, దూరం, నిబంధన అన్న మూడూ ఉద్యానపు అసలు స్వభావాన్ని నిర్ణయించగలవని చెప్పడానికి.

6. మరో దారి: చిన్న తోటలు

బృహత్ ఉద్యానానికి ప్రత్యామ్నాయం కూడా అదే శతాబ్దంలో రూపుదిద్దుకొన్నది. లండన్‌లో పేదల గృహసంస్కరణకు కృషిచేసిన ఆక్టేవియా హిల్ సమస్యను దూరంతో కొలిచింది. ఎంతో దూరాన ఉన్న గొప్ప ఉద్యానం ఒంటరి తల్లికి, వృద్ధునికి, పసిబిడ్డకు లేనట్లే. వారికి కావలసినది వీధి చివర ఉన్న, కూర్చోవడానికి వీలైన చిన్న తోట. దానిని ఆమె ఆరుబయటి కూర్చునే గదిగా భావించింది. 1887లో సదర్క్ ప్రాంతంలో పాడుబడిన కాగితపు కర్మాగారం స్థలంలో ఆమె చొరవతో రెడ్‌క్రాస్ తోట వెలసింది. పక్కనే కార్మికుల గృహాలు, సమావేశమందిరం నిర్మించారు. ఇల్లు, మందిరం, తోట ఒకే ఆలోచనలో భాగాలైనాయి. ఎవరినీ తొలగించకుండా, పనికిరాకుండా పోయిన స్థలాన్నే తోటగా మార్చడం ఇక్కడి విశేషం.

స్కాట్లండుకు చెందిన జీవశాస్త్రజ్ఞుడు పాట్రిక్ గెడెస్ దీనికి పద్ధతిని సమకూర్చాడు. 1904లో డన్‌ఫర్మ్‌లిన్ పట్టణానికి రాసిన నివేదికలో ఉద్యానాన్ని పట్టణాభివృద్ధికి కేంద్రంగా నిలిపాడు. ఎడిన్‌బరో పాతనగరంలో అతని బృందం ఇళ్ళమధ్య మిగిలిన ఖాళీజాగాలను సర్వే చేసి, వాటిలో కొన్నింటిని పిల్లలు, ఇరుగుపొరుగు పెంచే తోటలుగా మార్చింది. ముందు సర్వే, ఆ తరువాతే ప్రణాళిక అన్నది గెడెస్ సూత్రం. 1914లో భారతదేశానికి వచ్చిన గెడెస్ మద్రాసు రాష్ట్ర పట్టణాలతో సహా అనేక నగరాలపై నివేదికలు రాశాడు. రోడ్లు వెడల్పు చేయడానికి బస్తీలను కూల్చే పద్ధతిని వ్యతిరేకించి, తప్పనిసరైనంత మేరకే తొలగించి తక్కినదానిని బాగుచేసే ‘రక్షణాత్మక శస్త్రచికిత్స’ను ప్రతిపాదించాడు. కూల్చగా వచ్చిన చిన్న జాగాలలో చెట్టు, రచ్చబండ, ఆటస్థలం ఉండాలన్నాడు. మలేరియా పేరుతో చెరువులను పూడ్చే ధోరణిని ప్రశ్నించి, వాటిని శుభ్రపరిచి నిలుపుకోవాలని వాదించాడు. సెనెకా గ్రామానికి వర్తించని సూత్రమిదే. గెడెస్ దృష్టిలో పట్టణంలో ‘ఖాళీ కాగితం’ అన్నది ఉండదు.

7. ప్రకృతివనం: నివాసుల చేతిలో రూపకల్పన

ఇరవయ్యవ శతాబ్దం మూడవ పాదం నాటికి బ్రిటిష్ నగరాలలో రేవులు, బొగ్గుగోదాములు మూతపడి పెద్దయెత్తున పాడుభూములు మిగిలాయి. 1977లో లండన్ టవర్ వంతెన సమీపాన, అంతకుముందు లారీలు నిలిపిన సుమారు రెండెకరాల స్థలంలో విలియం కర్టిస్ జీవావరణ ఉద్యానం ప్రారంభమైంది. ప్రకృతి పరిరక్షకుడు మాక్స్ నికల్సన్ దీనికి ప్రేరకుడు. గట్టిపడిన నేలమీద మట్టి, ఇటుకపొడి పరచి, చిన్న కుంట తవ్వి, స్థానిక మొక్కలకు చోటిచ్చారు. పాఠశాలల పిల్లలు అక్కడ పాఠాలు నేర్చారు. అది కౌలుభూమి కావడంవల్ల 1985లో మూతపడింది.

ఆ ఏడాదే కింగ్స్ క్రాస్ సమీపాన, కాలువ ఒడ్డున, ఒకప్పటి బొగ్గునిల్వ స్థలంలో కామ్లీ వీధి ప్రకృతివనం తెరుచుకొన్నది. వాహనాల నిలుపుదలకు ఉద్దేశించిన ఆ స్థలాన్ని స్థానికులు, ప్రకృతిప్రేమికులు కలిసి ఉద్యమించి కాపాడుకొన్నారు. దాని వైశాల్యం కూడా సుమారు రెండెకరాలే. కుంట, చిత్తడి, పొద, పచ్చిక అన్న భిన్న ఆవాసాలను ఇరుకు స్థలంలో కూర్చడం, బడిపిల్లలకు తరగతిగదిగా నడపడం, స్వచ్ఛంద కార్యకర్తల శ్రమతో నిర్వహించడం దీని లక్షణాలు. తరువాతి రైలుమార్గ, భవననిర్మాణ ప్రణాళికల ఒత్తిడిని తట్టుకొని అది నేటికీ నిలిచి ఉన్నది.

ఈ రెండు వనాల పరిమాణం, ఉద్దేశం, కాలం దాదాపు ఒకటే. ఒకటి ఎనిమిదేళ్ళకు ముగిసి, మరొకటి నిలవడానికి కారణం శిల్పంలో లేదు. భూమిమీద హక్కు ఎంత స్థిరమైనది, దానిని తమదిగా భావించి వాదించే ఇరుగుపొరుగు ఉన్నదా అన్నదే నిర్ణాయకమైంది.

8. అనుభవం నుండి ఆధారానికి

ఓంస్టెడ్ నమ్మకంగా చెప్పినదానిని 1980ల నుండి పరిశోధకులు కొలవడం ప్రారంభించారు. 1984లో రోజర్ అల్‌రిచ్ ప్రచురించిన అధ్యయనం ఇందులో మైలురాయి. అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఒక ఆసుపత్రిలో 1972–1981 మధ్య పిత్తాశయ శస్త్రచికిత్స జరిగిన 46 మంది రికార్డులను అతడు పరిశీలించాడు. కిటికీలోంచి చెట్లు కనిపించిన 23 మంది సగటున 7.96 రోజులు, ఇటుకగోడ కనిపించిన 23 మంది 8.70 రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. మొదటి వర్గంవారు తీవ్రమైన నొప్పినివారణ మందులు తక్కువగా వాడారు. నమూనా చిన్నదైనా ఇది విస్తృత పరిశోధనకు దారితీసింది. 1989లో రేచెల్ కాప్లన్, స్టీఫెన్ కాప్లన్ ప్రయత్నపూర్వక ఏకాగ్రత అలసిపోతుందని, ప్రకృతి కలిగించే మృదువైన ఆకర్షణ దానిని పునరుద్ధరిస్తుందని సిద్ధాంతీకరించారు. ఓంస్టెడ్ భాషకు ఇది దగ్గరిది. ఇంగ్లండులో సుమారు 20,000 మంది సమాచారంతో 2019లో వెలువడిన అధ్యయనం వారానికి 120 నిమిషాలు ప్రకృతిలో గడిపినవారు మెరుగైన ఆరోగ్యాన్ని, శ్రేయస్సును తెలిపినట్లు చూపింది. ఇది సహసంబంధమే కాని కార్యకారణ నిరూపణ కాదన్న జాగ్రత్త అవసరం.

వారానికి 120 నిమిషాలు అన్న కొలత రూపకల్పనకు ఒక సూటి సూచన ఇస్తుంది. ఏడాదికి రెండుసార్లు వెళ్ళే గొప్ప వనంకంటే రోజూ వెళ్ళగలిగే చిన్న వనమే ఆ కొలతను అందుకొంటుంది. ఆక్టేవియా హిల్ వాదానికి ఇది ఆధునిక సమర్థన. అయితే వనం వచ్చినచోట అద్దెలు పెరిగి, ఎవరికోసం వచ్చిందో వారే ఊరు విడవవలసిన పరిస్థితి గురించి ఇటీవలి పట్టణ అధ్యయనాలు హెచ్చరిస్తున్నాయి. బర్కెన్‌హెడ్ ఖర్చు రాబట్టిన సూత్రమే ఇక్కడ ప్రతికూల ఫలితమిస్తున్నది.

9. తెలుగు నేలకు అన్వయం

1908 సెప్టెంబరు మూసీ వరదలో అఫ్జల్ పార్కులోని చింతచెట్టు కొమ్మలెక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకొన్నారు. నేడు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న ఆ చెట్టు, ఉద్యానానికి మానవ శ్రేయస్సుతో ఉన్న సంబంధానికి మన చరిత్రలోని అత్యంత ప్రత్యక్ష నిదర్శనం. అది పరదేశపు అలంకారవృక్షం కాదు. లోతుగా వేళ్ళూనిన ఊరి చెట్టు.

జాతుల ఎంపికలో ఈ వివేకం లోపించినప్పుడు శ్రేయస్సు తలకిందులవుతుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను తరువాత విశాఖపట్నంలో పచ్చదనం పునరుద్ధరణకు ఏడాకులపాల చెట్లను విస్తారంగా నాటారు. పూతకాలంలో వాటి ఘాటైన వాసనవల్ల శ్వాస ఇబ్బందులు కలుగుతున్నాయని నివాసులు ఫిర్యాదు చేస్తూ వచ్చారు. రోడ్ల మధ్య నాటిన కోనోకార్పస్‌పై కూడా రెండు రాష్ట్రాలలో ఇలాంటి చర్చ జరిగింది. త్వరగా పెరుగుతుందన్న ఒక్క గుణాన్ని చూసి, పదుల సంఖ్యలో కాక వేల సంఖ్యలో ఒకే జాతిని నాటడం ఈ స్థితికి మూలం.

హైదరాబాదు నడిబొడ్డున ఉన్న కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ వనం భిన్నమైన ఉదాహరణ. జాతీయ వనమైన ఈ ప్రాంతంలో దక్కను రాతినేలకు సహజమైన పొదలు, చెట్లు, నెమళ్ళు మిగిలాయి. ఇది నాటిన వనం కాదు, మిగిలిన అడవి. 2016లో చుట్టుపక్కల వంతెనల నిర్మాణానికి చెట్లు కొట్టే ప్రతిపాదనపై నగరపౌరులు నిరసన తెలిపారు. కామ్లీ వీధి అనుభవంలాగే, రోజూ నడిచేవారే ఆ వనానికి రక్షకులుగా ముందుకు వచ్చారు. అయితే అది నగరంలోకెల్లా సంపన్నమైన పేటల మధ్య ఉన్నది. మూసీ ఒడ్డు బస్తీలలోనో, పారిశ్రామికవాడల సమీపంలోనో ఉన్న కుటుంబానికి అది ఆక్టేవియా హిల్ చెప్పిన దూరపు ఉద్యానమే.

కేంద్రప్రభుత్వ పథకం కింద, రాష్ట్రాల చొరవతో నగరవనాలు వెలుస్తున్నాయి. వీటి ప్రణాళికలలో ప్రహరీ, ద్వారతోరణం, నడకబాట, కృత్రిమ జలపాతం ముందు కనిపిస్తాయి. ఆ స్థలంలో ఇంతవరకు మేకలు మేపుకొన్నవారు, కట్టెలు ఏరుకొన్నవారు, సీతాఫలాలు కోసి అమ్ముకొన్న స్త్రీలు ఎక్కడికి పోతారన్నది కనిపించదు. ‘బీడు’ అన్న మాట 1850లలో న్యూయార్క్ పత్రికలలో చేసిన పనే మన రెవెన్యూ దస్త్రాలలో కూడా చేయగలదు.

10. ముగింపు

పై పరిశీలన వల్ల కింది అంశాలు తేలుతున్నాయి.

1. ప్రజోద్యానం పుట్టుకలోనే ఆరోగ్యం, క్రమశిక్షణ అన్న రెండు లక్ష్యాలున్నాయి. ప్రవేశ రుసుము, వేళలు, నిబంధనలు ఈ రెండింటిలో ఏది పైచేయి సాధిస్తుందో నిర్ణయిస్తాయి. అవి రూపకల్పనలో అంతర్భాగాలు.

2. ఓంస్టెడ్ ఆరోగ్యసిద్ధాంతాన్ని తరువాతి పరిశోధన చాలావరకు బలపరిచింది. అయితే సెనెకా గ్రామం చరిత్ర, ఒకరి శ్రేయస్సుకోసం మరొకరి నివాసాన్ని, ఓటును తీసుకొన్న వైనాన్ని గుర్తుచేస్తుంది. భూమి పూర్వచరిత్రను నమోదు చేయడం ప్రణాళికలో మొదటి మెట్టు కావాలి.

3. నిత్యజీవితంలో ప్రయోజనం కలిగించేది విస్తీర్ణంకంటే సామీప్యం. నగరానికి ఒక పెద్ద వనంతోపాటు ప్రతి వాడకు నడిచి చేరే చిన్న వనం అవసరం. పూడ్చని చెరువుకట్ట, పాడుబడిన గోదాము స్థలం, బడి ఆవరణ ఇందుకు తగినవి.

4. స్థానిక జాతుల వైవిధ్యం జీవావరణానికి మాత్రమే కాక ప్రజారోగ్యానికి కూడా సంబంధించిన విషయం. వేప, కానుగ, చింత, నేరేడు, మోదుగ వంటివి కలగలిసిన నాటుబడికి ఒకే జాతి వరుసలు ప్రత్యామ్నాయం కావు.

5. వనం మనుగడకు స్థిరమైన భూహక్కు, నిర్వహణ నిధి, తమదని భావించే ఇరుగుపొరుగు అన్న మూడూ కావాలి. మూడవది ప్రారంభోత్సవం తరువాత వచ్చేది కాదు. మొక్కల ఎంపిక నుండి నివాసులకు భాగముంటేనే వస్తుంది.

సెంట్రల్ పార్క్‌లో సెనెకా గ్రామం ఉన్నచోట 2019 నుండి దాని చరిత్రను తెలిపే ఫలకాలు సందర్శకులకు కనిపిస్తున్నాయి. ఊరు పోయిన 160 ఏళ్ళకు పైగా గడిచిన తరువాత జరిగిన గుర్తింపు అది. మన నగరవనాల ద్వారాలమీద శంకుస్థాపన చేసినవారి పేర్లు చెక్కుతున్నాం. ఆ నేలను అంతకుముందు వాడుకొన్నవారి పేర్లు కూడా ప్రణాళికా దస్త్రాలలోనైనా నమోదు చేస్తే, తరువాతి తరం చరిత్రకారులు చిన్నపిల్ల చెప్పు కోసం నేలను తవ్వవలసిన అవసరం ఉండదు.